నీళ్ళన్నీ ఒకే ట్యాంకులో పోసుకుని సముద్రంలోకి వెళ్ళొద్దు

మూడో రోజు పొద్దున్న టీ ఒక గుక్క తాగి బావ నా వైపు చూసి, "ఏరా, పంచదార బదులు ఉప్పేశావా?" అన్నాడు. నేను వేయలేదు. నా కప్పు కూడా నోట్లో పెట్టుకుంటే ఉప్పగానే ఉంది. రెండు డబ్బాలూ మూత తీసి చూశాను, పంచదార పంచదారే, ఉప్పు ఉప్పే. అప్పుడు కుళాయి కింద అరచెయ్యి పెట్టి ఫుట్ పంపు ఒక్కసారి తొక్కి, వచ్చిన నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. గుండె జారిపోయింది. మా దగ్గరున్న మంచినీళ్ళు దాదాపు అన్నీ ఆ ఒక్క ట్యాంకులోనే ఉన్నాయి.

27 అడుగుల తెరచాప పడవ, ఇద్దరం మనుషులం, ఆరు రోజుల ప్రయాణం, వంద లీటర్ల ట్యాంకు. కాగితం మీద లెక్క చూస్తే నీళ్ళకు లోటే లేదు. అయితే ముందు రాత్రంతా గాలి ఎదురుగా కొట్టింది, పడవ ముక్కు అలల్లోకి దిగుతూ లేస్తూ ఉంది, ముందు డెక్కు మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ట్యాంకు నింపే మూత సరిగ్గా అక్కడే ఉంది. పాక్కుంటూ వెళ్ళి మూత విప్పి చూశాను. దాని కింద ఉండే రబ్బరు రింగు ఎండి గట్టిపడిపోయింది, గోటితో నొక్కితే చిన్న చిన్న పగుళ్ళు నోళ్ళు తెరుస్తున్నాయి, ఒకచోట గోరంత ముక్క ఊడిపోయి ఖాళీగా ఉంది. అంత చిన్న సందు చాలు. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ట్యాంకులో మిగిలిన 70 లీటర్లలో ఓ 5 లీటర్లు కలిసినా లీటరుకు రెండు గ్రాములు దాటిపోతుంది, ఇక ఆ నీళ్ళు దాహానికి పనికిరావు.

మమ్మల్ని కాపాడింది బావ సంచిలోని ఎనిమిది లీటరు సీసాలు. బయల్దేరేటప్పుడు "ట్యాంకు నిండా నీళ్ళుంటే ఇవెందుకు బావా, బరువు" అన్నది నేనే. ఆయన మాట్లాడకుండా బల్ల కింద సర్దేశాడు. ఆ ఎనిమిది సీసాలతో, వంటకు మాత్రం ట్యాంకులోని ఉప్పనీళ్ళు కొద్దికొద్దిగా వాడుకుంటూ, దారి మార్చి రెండున్నర రోజుల్లో దగ్గర్లో ఉన్న రేవు చేరాం. చేరేటప్పటికి సీసాన్నర మిగిలింది. ప్రాణం మీదికి వచ్చిందని అనను గానీ, మిగిలిన సీసాలను చూసుకుంటూ ఉన్న ఆ టెన్షన్ మాత్రం నాకు మళ్ళీ వద్దు. అప్పటినుంచి నీళ్ళ విషయంలో నేను పట్టించుకోని చిన్న సంగతి అంటూ లేదు. చిన్న పడవల్లో కాస్త ఎక్కువ రోజులు వెళ్దామనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఎన్ని లీటర్లు తీసుకెళ్ళాలి?" అని. అది అడగాల్సిన ప్రశ్నే. దాంతోపాటు ఆ లీటర్లను ఎన్ని చోట్ల విడివిడిగా పెడుతున్నారు అని కూడా ఎవరికి వాళ్ళు వేసుకోవాలి, నా ఉద్దేశంలో రెండోదే పెద్ద ప్రశ్న.

ఇది మా ఒక్కరి అనుభవం కూడా కాదు. 1968 జూన్‌లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ సుహైలీ అనే 32 అడుగుల పడవలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరాడు. దక్షిణ మహాసముద్రంలో పడవ బోల్తా కొట్టినంత పనైంది, ఆయన ప్రధాన ట్యాంకుల్లో నీళ్ళు పాడైపోయాయి. అయినా వెనక్కి తిరగలేదు, వాన నీళ్ళు పట్టుకుంటూ ముందుకే వెళ్ళి 1969 ఏప్రిల్ 22న, 312 రోజుల తర్వాత తిరిగొచ్చాడు. అంతటి నావికుడి ట్యాంకులే పాడైతే మన ట్యాంకుకు ఏమీ కాదని ధీమాగా ఉండడం ఎలా కుదురుతుంది?

సరే, ఎన్ని లీటర్లు అన్నదానికి వద్దాం. తాగడానికి, వంటకు, పళ్ళు తోముకోవడానికి కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు అని నేను లెక్క వేసుకుంటాను. ఇందులో రెండు, రెండున్నర లీటర్లు తాగడానికే పోతాయి. ఎండ బాగా ఉంటే, తాళ్ళు లాగే పని ఎక్కువైతే మూడు కూడా దాటుతుంది. అనుకున్న రోజుల మీద సగం అదనంగా కలుపుతాను, ఎందుకంటే గాలి పడిపోయిందంటే తెరచాప పడవ ఉన్నచోటే ఉంటుంది, మనం మాత్రం రోజూ తాగుతూనే ఉంటాం. అంటే ఇద్దరికి పది రోజులంటే 80 లీటర్లు, పైన 40, మొత్తం 120. వాన పడుతుందని, దారిలో ఇంకెక్కడో నింపుకోవచ్చని ఈ అంకెలోంచి ఒక్క లీటరు కూడా తగ్గించను.

ఈ 4 లీటర్లు మీకు సరిపోతాయో లేదో పడవ ఎక్కకముందే తెలుసుకోవచ్చు. ఇంట్లో ఒక శని ఆదివారాలు కుళాయి జోలికి వెళ్ళకుండా క్యాన్‌లో పట్టుకున్న నీళ్ళతోనే గడపండి, మరుగుదొడ్డి, స్నానం పక్కన పెట్టి. మేం చేసినప్పుడు మొదటి రోజు ఇద్దరికీ కలిపి 14 లీటర్లు అయిపోయాయి, అందులో సగం గిన్నెలకే. రెండో రోజు ఎనిమిదిన్నర. తేడా అంతా చేతుల్లోనే ఉంది, పళ్ళు తోముకుంటూ నీళ్ళు వదిలేయడం, ఒక చెంచా కడగడానికి గ్లాసెడు పోయడం, ఇలాంటివి అలవాటుగా జరిగిపోతుంటాయి, మనకు కనిపించవు.

పడవ మీద గిన్నెలు సముద్రపు నీళ్ళతోనే కడుగుతాం, చివర్లో మంచినీళ్ళు స్ప్రే సీసాతో నాలుగు సార్లు కొడితే ఉప్పు పోతుంది. స్నానం కూడా అంతే. మామూలు సబ్బు ఉప్పునీళ్ళలో నురగ రాదు, గిన్నెలు తోమే లిక్విడ్ చక్కగా వస్తుంది, అదే ఒంటికి రాసుకుని సముద్రపు నీళ్ళు పోసుకుని చివర్లో స్ప్రేతో తడుపుకుంటే అర లీటరులో స్నానం అయిపోతుంది. బంగాళాదుంపల్లాంటివి ఉడికించేటప్పుడు మూడు వంతుల మంచినీళ్ళకు ఒక వంతు సముద్రపు నీళ్ళు కలిపితే ఉప్పు వేరే వేయక్కర్లేదు. ఇదంతా ఒడ్డుకు దూరంగా, నీళ్ళు శుభ్రంగా ఉన్నచోటే. రేవుల్లో, లంగరు వేసుకునే చోట్ల ఆ నీళ్ళను గిన్నెకు కూడా తగలనివ్వను.

పనిలో పనిగా ఇంకో మాట. మంచినీళ్ళు తక్కువైతే కొంచెం సముద్రపు నీళ్ళు కలుపుకుని తాగితే ఏమవుతుంది అని అడిగేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. మన మూత్రపిండాలు అంత ఉప్పును బయటికి పంపాలంటే తాగిన దానికంటే ఎక్కువ నీళ్ళు ఒంట్లోంచి తీసి ఖర్చు పెట్టాలి. అంటే తాగేకొద్దీ ఒళ్ళు ఎండిపోతుంది. దయచేసి ఆ ప్రయోగం చెయ్యొద్దు.

ఇప్పుడు మా పడవలో ఆ 120 లీటర్లు ఇలా ఉంటాయి. పాత వంద లీటర్ల ట్యాంకు తీసేసి మధ్యలో, వీలైనంత కిందికి, 60 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టాం. పది లీటర్ల క్యాన్లు ఐదు. లీటరు సీసాలు పది, ఒక్కో మూలన రెండేసి మూడేసి. క్యాన్లు ఇరవై లీటర్లవి ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు, పడవ ఊగుతుంటే ఒక చేత్తో ఏదో ఒకటి పట్టుకుని రెండో చేత్తో దాన్ని ఎత్తి, సన్నటి మూతిలోకి ఒలకకుండా పోయాలి. నేను ఒకసారి ప్రయత్నించి నడుము పట్టేసి రెండు రోజులు చుక్కాని దగ్గర కూర్చోలేకపోయాను. పది లీటర్లది ఎవరైనా ఎత్తగలరు.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 120 లీటర్లంటే 120 కిలోలు, ఇద్దరు మనుషులు అదనంగా ఎక్కినట్టు, అది కూడా చిన్న పడవలో. ఆ బరువు ముందు భాగంలో ఉంటే ముక్కు ప్రతి అలలోకీ దిగబడుతుంది, పైన డెక్కు మీద కట్టేస్తే పడవ ఒరిగి లేవడానికి బద్ధకిస్తుంది. అందుకే అడుగున, మధ్యలో. క్యాన్లు కుడివైపు ఎడమవైపు సమానంగా సర్ది, ఒకటి ఇటునుంచి తీస్తే తర్వాతది అటునుంచి తీస్తాం. సగం ఖాళీ అయిన పెద్ద ట్యాంకుతో ఇంకో చిక్కు ఉంది: పడవ ఎటు ఒరిగితే నీళ్ళన్నీ అటే పరుగెత్తి దాన్ని ఇంకాస్త తోస్తాయి. మంచి ట్యాంకుల్లో లోపల అడ్డుపలకలు ఉండేది అందుకే. కొనేముందు చెయ్యి పెట్టి తడిమి చూడండి. వంకర మూలల్లో ఇమిడిపోతాయని కొందరు సంచి ట్యాంకులు వాడతారు, వాటికి రాపిడే శత్రువు. ఒక బోల్టు తల తగులుతూ ఉంటే వారంలో చిల్లు పడిపోతుంది. చుట్టూ రబ్బరు మ్యాట్ పరిచి, కదలకుండా పట్టీలతో కట్టగలిగితేనే పెట్టుకోండి.

ఐదు క్యాన్లలో ఒకటి మిగతావాటితో కలపం. అది ప్రాణరక్షక తెప్ప పక్కనే, తాడు కట్టి, పది వంతుల్లో తొమ్మిది వంతులు మాత్రమే నింపి ఉంటుంది. మంచినీళ్ళు సముద్రపు నీళ్ళకంటే తేలిక, పైన కాస్త గాలి కూడా ఉంటే క్యాన్ విసిరేసినా బాగా పైకి తేలుతుంది. పడవ వదిలి దూకాల్సిన రోజు వస్తే లోపలికి వెళ్ళి సీసాలు వెతుక్కునే టైం ఉండదు. 1982లో స్టీవెన్ కల్లహన్ పడవ మునిగిపోయి గాలి తెప్ప మీద అట్లాంటిక్‌లో 76 రోజులు గడిపాడు, ఎండతో సముద్రపు నీళ్ళను ఆవిరి చేసి పట్టుకునే చిన్న పరికరాలతో బొట్టు బొట్టుగా నీళ్ళు సంపాదించుకుంటూ. ఆయన కథ తెలిసిన దగ్గర్నుంచి ఆ క్యాన్ తాడు ముడి వెళ్ళినప్పుడల్లా లాగి చూస్తాను.

నింపడం దగ్గర కూడా జాగ్రత్తలున్నాయి. రేవులో ఎండలో పడి ఉన్న గొట్టంలో మొదట వచ్చే నీళ్ళు పాచి వాసన వస్తాయి, రెండు మూడు నిమిషాలు వదిలేసి, గ్లాసులో పట్టుకుని తాగి చూసి, బాగుంటేనే ట్యాంకులో పెట్టాలి. ప్రతి క్యాన్ విడిగా రుచి చూస్తాం. డీజిల్ పోసిన క్యాన్ ఎంత కడిగినా నీళ్ళకు వాడకూడదు, మేం నీళ్ళకు నీలం, డీజిల్‌కు పసుపు అని పెట్టుకున్నాం, చాలామంది పాటించే పద్ధతి కూడా ఇదే, చీకట్లో టార్చి వెలుగులో కూడా పొరపాటు జరగదు. వెలుతురు తగిలే తెల్లటి క్యాన్లలో నాచు పడుతుంది కాబట్టి వెలుతురు దూరనివి తీసుకోండి, లేదా గుడ్డ కప్పి చీకట్లో పెట్టండి.

ఏడాదికి రెండుసార్లు ట్యాంకు శుద్ధి చేస్తాం. వాసన కలపని మామూలు బ్లీచ్, 5 శాతం ఉన్నది, లీటరు నీళ్ళకు ఒక మిల్లీలీటరు లెక్కన, అంటే 60 లీటర్ల ట్యాంకుకు 60 మిల్లీలీటర్లు. నిండా నింపి, కుళాయిలోంచి బ్లీచ్ వాసన వచ్చేదాకా పంపు తొక్కి, గొట్టాల్లో కూడా అది నిలిచేలా చేసి నాలుగు గంటలు వదిలేస్తాం. తర్వాత మొత్తం వదిలేసి రెండుసార్లు మంచినీళ్ళు నింపి ఖాళీ చేయాలి. స్టీలు ట్యాంకైతే బ్లీచ్ నీళ్ళు రాత్రంతా ఉంచొద్దు, క్లోరిన్ వెల్డింగ్ అతుకుల దగ్గర తినేస్తుంది. ఇక ప్రయాణంలో అనుమానం ఉన్న నీళ్ళు పట్టుకోవాల్సి వస్తే అదే బ్లీచ్ లీటరుకు రెండు చుక్కలు వేసి కలిపి అరగంట ఆగి వాడుకోవచ్చు. క్రిములు పోతాయి గానీ ఉప్పు, డీజిల్ పోవు, అది గుర్తుంచుకోవాలి. బ్లీచ్ రుచి నచ్చనివాళ్ళు కార్బన్ ఫిల్టర్ పెట్టుకోండి, అయితే ట్యాంకు తర్వాత, కుళాయికి ముందు. ట్యాంకులోకి పోయేముందే ఫిల్టర్ చేస్తే క్లోరిన్ అక్కడే పోయి, నిలవ నీళ్ళు తొందరగా పాడవుతాయి.

ఇప్పుడు మా ట్యాంకు మూత ముందు డెక్కు మీద లేదు, లోపల ఉంది. నింపేటప్పుడు గొట్టం క్యాబిన్‌లోకి లాక్కోవాలి, కొంచెం ఒలుకుతుంది, అయినా సరే. ట్యాంకులోకి గాలి వెళ్ళే సన్నటి పైపు కూడా చూసుకోండి, చాలా పడవల్లో అది బయటికి తెరుచుకుని ఉంటుంది, పడవ ఒరిగినప్పుడు అందులోంచి కూడా సముద్రం లోపలికి వస్తుంది. మేం దాన్ని లోపలే, వీలైనంత ఎత్తుకు తీసుకెళ్ళి కొన వంచేశాం. పూర్తిగా మూసేయకూడదు, గాలి రాకపోతే పంపు నీళ్ళు లాగలేదు.

పంపు విషయంలో నా మాట సూటిగా చెప్తాను: చిన్న పడవకు ఫుట్ పంపే. కరెంటు ప్రెషర్ పంపు ఉంటే ఇంట్లో కుళాయిలా ధారగా వస్తుంది, చెయ్యి ఆగదు. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎక్కడైనా గొట్టం క్లిప్పు ఊడిందంటే మనం నిద్రలో ఉండగా అది ట్యాంకు మొత్తాన్ని పడవ అడుగులోకి తోడేస్తుంది. ఫుట్ పంపు తొక్కితేనే వస్తుంది. అది పాడైనప్పుడు తోడుకోవడానికి ఒక రెండు మీటర్ల సన్న గొట్టం విడిగా పెట్టుకుంటాం.

సముద్రపు నీళ్ళను మంచినీళ్ళుగా మార్చే యంత్రం కొనొచ్చు కదా అంటారు. ఉంటే హాయే. సుమారు 55 బార్ల ఒత్తిడితో పల్చటి పొరలోంచి నీళ్ళను నెడుతుంది, దానికి కరెంటు కావాలి, పొర పాడవకుండా చూసుకోవాలి. చమురు తగిలినా క్లోరిన్ తగిలినా ఆ పొర పనికిరాదు, కాబట్టి రేవులో నడపకూడదు, కుళాయి నీళ్ళతో నేరుగా కడగకూడదు. యంత్రం ఉందని నిలవ నీళ్ళు తగ్గించుకుని బయల్దేరడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. అది ఆగిపోయిన రోజుకు కూడా ఒడ్డు చేరేటన్ని నీళ్ళు క్యాన్లలో ఉండాలి.

నాకు యంత్రం కంటే వాన మీద గురి ఎక్కువ, పైన చెప్పినట్టు దాన్ని లెక్కలో కలపకపోయినా సరే. ఎండకు కట్టుకునే గుడ్డ పందిరి రెండు మీటర్లకు రెండు మీటర్లు ఉంటే, పది మిల్లీమీటర్ల వానకు కొలత ప్రకారం 40 లీటర్లు, గాలికి ఎగిరిపోయేది పోగా సగమైనా దక్కుతుంది. మధ్యలో రంధ్రం చేసి గొట్టం బిగించాం, ఆ చోట చిన్న బరువు వేలాడదీస్తే గుడ్డ గరాటులా దిగుతుంది. మొదటి ఐదు నిమిషాల నీళ్ళు గుడ్డకు పట్టిన ఉప్పును కడగడానికే సరిపోతాయి, వేలు తడిపి నాకి చూసి, చప్పగా అయ్యాకే క్యాన్‌లోకి వదలాలి. గాలి ఎక్కువై పందిరి నిలబడకపోతే తెరచాప కింది దూలం వెనక కొన కాస్త పైకి లాగండి, చాప మీద పడిన నీళ్ళన్నీ దూలం వెంట స్తంభం వైపు జారి వస్తాయి, అక్కడ బకెట్టు కట్టండి. ఒక రాత్రి అలా ఇరవై నిమిషాల్లో రెండు బకెట్లు నిండాయి, ఇద్దరం వానలో తడుస్తూ చేతులతో పట్టుకుని తాగాం. వాన నీళ్ళు ట్యాంకులో మాత్రం కలపం, విడి క్యాన్‌లోనే పోసి ముందుగా వాడేస్తాం.

వాడే వరుస కూడా తేల్చుకోవాలి. మేం ముందు ట్యాంకు నీళ్ళు ఖాళీ చేస్తాం, పాడయ్యే అవకాశం దానికే ఎక్కువ కాబట్టి. తర్వాత క్యాన్లు. సీసాలు చివరికి. ట్యాంకు లోతు కొలవడానికి ఒక చెక్క పుల్ల మీద ఐదేసి లీటర్లకు గీతలు పెట్టుకున్నాం, ఒడ్డున ఉన్నప్పుడు కొలిచి పోస్తూ గీసినవి. రోజూ పొద్దున్న టీ పెట్టకముందు బావ పుల్ల ముంచి చూసి, క్యాన్లు లెక్కపెట్టి, పుస్తకంలో రెండు అంకెలు రాస్తాడు: మిగిలినవి ఎన్ని, మిగలాల్సినవి ఎన్ని. రెండో అంకె కంటే మొదటిది తక్కువైతే ఆ రోజే మాట్లాడుకుంటాం. మొన్నటి ప్రయాణంలో నాలుగో రోజు అలా ఆరు లీటర్లు తేడా వచ్చింది. వెతికితే సింకు కింద కుళాయి అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది, కింద చెక్క నానిపోయి ఉంది. క్లిప్పు రెండు చుట్లు బిగిస్తే ఆగిపోయింది.

వచ్చే నెల పద్నాలుగు రోజులకు వెళ్తున్నాం. లెక్క ప్రకారం 168 లీటర్లు. ఇంకో ఐదు క్యాన్లు కొనాలి, వాటికి అడుగున చోటు చేయడానికి పాత లంగరు గొలుసు తీసేసి కొలతలు వేస్తున్నాం. కొత్త రబ్బరు రింగులు రెండు జతలు తెచ్చాను, ఒకటి బిగించి, రెండోది సిలికాన్ గ్రీజు రాసి డబ్బాలో పెట్టాను. బావ అయితే అప్పుడే సీసాలు నింపి, మూతల మీద మార్కర్‌తో అంకెలు వేయడం మొదలుపెట్టాడు.